గేటు దగ్గర ఆపొద్దు

హలో… ఆ, నేనే. మాంపాంగ్ ఊరి మెకానిక్ మాస్టర్ అదార్క్వానే. మీరెవరు?

…పెట్రోల్ బంకువాళ్లిచ్చారా నంబరు? వాళ్లకింకేం పని లేదు. నేను పని మానేసి మూడేళ్లయింది. మా ఆవిడ పోయిన రోజే పానాలు పెట్టెలో పడేశాను.

…పెద్దవారు, బతిమాలకండి. తొందరగా చెప్పండి. పన్నెండింటికి మా ఇంటికి మనుషులొస్తున్నారు.

…మా అమ్మాయిని అడగడానికి. అవును, తలుపు తట్టే వేడుకే. …శుభమో కాదో వాళ్లు వేళకొస్తే తెలుస్తుంది. పన్నెండు దాటితే ఎంత తట్టినా తీయనని చెప్పేశాను. ఇప్పుడు పదకొండుంబావు. కారుకేమైంది?

…ఆగిపోయింది, సరే. ఎక్కడ? …మా కొండ కిందేనా. ఎన్నేళ్ల బండి? …ముప్పయ్యా! దాన్ని తోలకూడదు, దండం పెట్టాలి.

…గేరు పడట్లేదా. ఇంజను ఆడుతున్నప్పుడా, ఆపేశాకా? …“ఎప్పుడైనా” కాదు. ఇంజను ఆపండి. ఇప్పుడు వేసి చూడండి.

…పడిందా. వెన్నలోకి దిగినట్టు దిగిందా. మరింకేం, గేర్‌బాక్స్‌కి రోగం లేదు. ఏడుపు ఆపండి.

…ఎవడు? రోడ్డు పక్క మెకానిక్కా? గేర్‌బాక్స్ దించాలంటున్నాడా? వాడి చేతిలో ఏముంది? …సుత్తి. వాణ్ణి బండికి పదడుగుల దూరంలో నిలబెట్టండి. తలనొప్పికి తల తీసే రకం.

ఇప్పుడు ఇంజను ఆడించి, క్లచ్ తొక్కి, రివర్స్ వేయండి. మెల్లగా…

చాలు, ఆపండి! వినపడింది. నా పళ్లు జివ్వుమన్నాయి. క్లచ్ వదలట్లేదు, అదే జబ్బు. ఆ పెడల్‌ని చేత్తో నొక్కి చూడండి.

…వంగలేరా? ఎందుకని? …వేడుకలకి ఒంటికి చుట్టుకునే కెంటే గుడ్డ కట్టుకున్నారా. జారితే జారనివ్వండి. కొండ కింద మిమ్మల్ని చూసేదెవరు?

…ఎదురు తన్నకుండా కిందికి పోయి అక్కడే పడుకుందా? కల్లు తాగినవాడిలా? అయితే కేబుల్ తెగింది. బానెట్ ఎత్తండి.

…రోడ్డు బాలేదనకండి. అమ్మినవాడు మోసం చేశాడనీ అనకండి. కేబుల్ చూడండి.

…ఎవరది వెనక, “మామయ్యా, ఆయనకొద్దు, పెట్టెయ్” అంటున్నది? …మీ మేనల్లుడా. నేనంటే అంత భయమెందుకు? ఫోన్లో కరవను కదా.

…తెగినచోట బట్టలారేసే తీగ కట్టుందా? పాత ముడా? ఎవడు కట్టాడు? …మేనల్లుడే. తోలిందీ వాడే. ఎడమ పాదం ఎక్కడ పెట్టి తోలాడు?

…క్లచ్ మీదే. కుమాసీ నుంచి ఇక్కడిదాకా. తొక్కీ తొక్కక, వదిలీ వదలక. పెద్దాయనా, ఒకమాటంటాను, ఏమనుకోకండి. క్లచ్ మీద పాదం ఆనించి తోలేవాడికి పిల్లనివ్వకూడదు.

…ఎందుకేమిటి? వాడు అవుననడు, కాదనడు. మధ్యలో అరిగిపోయేది ఆ పిల్ల.

…ఏమన్నారు? గట్టిగా చెప్పండి.

…మీరూ పిల్లనడగడానికే వస్తున్నారా. ఈరోజే. వెనక సీట్లో ఇద్దరు అత్తలు, పిల్లవాళ్లకివ్వడానికి రెండు జిన్ సీసాలు…

ఎవరింటికి?

…

సెర్వా! ఇలా రా. నిన్నడగడానికొచ్చేవాళ్లు కొండ కిందున్నారు. …ఏడవకు, కాటుక కారుతుంది. తలుపు గురించి నేనేమన్నానో నాకు గుర్తుంది. పో, కుర్చీలు చూసుకో.

పెద్దాయనా, ఫోన్ వాడికివ్వండి.

…నువ్వేనా అనిన్ మాస్టారివి? లెక్కలు చెబుతావట. ఆ ముడి వేసి ఎన్నాళ్లయింది? …నెల. తెగుతుందని తెలిసే బయల్దేరావా?

…

…మీ మామ రోడ్డునన్నాడు, అమ్మినవాణ్ణన్నాడు. నువ్వు తప్పు నాదేనంటున్నావ్. సరే. ఈ ఒక్కమాటా నాన్చకుండా చెప్పావు.

…పిల్లనిస్తానన్నానా? ఇంకా కొండ కిందే ఉన్నావ్. విను. రెండుసార్లు చెప్పను. క్లచ్ ఉందన్నమాటే మర్చిపో. పాదం ఆ ఛాయలకి పోకూడదు. ఇంజను ఆపి ఫస్ట్ గేరు వెయ్. హ్యాండ్‌బ్రేకు దించి తాళంచెవి తిప్పు. మేకపిల్లలా ఎగురుతుంది, ఎగరనీ. అదే గేరులో కొండెక్కు.

…అత్తలు బరువా? దిగితే మళ్లీ ఎక్కించలేవు, కూర్చోనీ. సీసాలు ఒళ్లో పెట్టుకోమను. ఆ సుత్తివాడున్నాడా? వెనక నుంచి తోయమను. ఇప్పుడు పనికొస్తాడు.

ఎక్కడా ఆపకు. మేకలొస్తే హారన్ కొట్టు. మనుషులొస్తే మీ మామని అరవమను. ఆపావా, మా వీధి ఎత్తులో అది మళ్లీ కదలదు. అందుకే చెబుతున్నా, గేటు దగ్గర ఆపొద్దు. నేరుగా లోపలికొచ్చి, నీళ్ల తొట్టి ముందు బ్రేకు తొక్కు.

…తలుపు తట్టకుండా వస్తే మర్యాద కాదా? నాకు నేర్పుతున్నావా మర్యాద? అయితే ఆపి తట్టు. రాత్రిదాకా తడుతూ కూర్చో. …ఆఁ, అదీ. మా వాళ్లు నవ్వితే నవ్వనీ. మా ఇంటికి తలుపు తట్టకుండా వచ్చిన పెళ్లికొడుకు ఇంతవరకూ ఒక్కడూ లేడు, నీతో మొదలు.

…పన్నెండు దాటితేనా…

…

మా ఇంటి గడియారం పావుగంట వెనక నడుస్తుంది. మా ఆవిడ అలా తిప్పి పెట్టింది, ఆలస్యంగా వచ్చినవాళ్లందరి మీదా నేను అరుస్తున్నానని. పోయాక నేను దాన్ని ముట్టుకోలేదు. దాని ప్రకారం ఇంకా చాలా టైముంది.

…దండాలు తరవాత. పాదం ఎక్కడుంది? …తియ్. ఇప్పుడు తిప్పు తాళం.

…ఎగిరిందా! అత్తలు అరుస్తున్నారా? మంచిదే, హారన్‌కి తోడవుతారు. …తోలు, తోలు, మాట్లాడకు.

సెర్వా! దారిలో కుర్చీలు తీసెయ్, కోళ్లని తోలు, నీళ్ల తొట్టి దగ్గర ఎవరూ నిలబడొద్దను!

…ఫోన్ పెట్టేస్తున్నానయ్యా. మూడేళ్లుగా గేటు సగమే తీస్తున్నాం, తుప్పు పట్టింది. ఒక చేత్తో రాదు.