భూమి మధ్యలో ఇనపగుండు

"నిర్మల మేడంగారండీ, భూమి నడిమధ్యన ఎలక చచ్చి తేలుతోందండీ!"

సోమవారం ఉదయం పది గంటలు. కొత్తపేట దగ్గర ఓ ఉన్నత పాఠశాల, సైన్సు గది. పోటీకి పెట్టిన భూగోళం నమూనా పై సగం ఎత్తి పట్టుకుని స్వీపరు వీరవేణి అరిచింది. సైన్సు టీచరు నిర్మల ముక్కు మూసుకుని లోపలికి వంగి చూసింది.

"ఛీ! ఎలుక ఒక్కటే కాదు వీరవేణీ, చుట్టూ బొద్దింకలు. అబ్బ, ఏం కంపే ఇది! శుక్రవారం సాయంత్రం నేనూ, ఈ నమూనా చేసిన కుసుమా కలిసే మూత పెట్టేం. గిన్నెలో ఎర్రరంగు నీళ్ళు, అది బయటి కేంద్రకం. నీళ్ళ మధ్యలో ఆటల గదిలోంచి తెచ్చిన ఇనపగుండు, అది లోపలి కేంద్రకం. అంతకుమించి ఏమీ లేదు."

"గుండెక్కడుందండి ఇందులో?"

"ఆ గరిటె ఇలా ఇవ్వు. ఏదీ... అడుగున ఏమీ తగలట్లేదే! ఇనుం నీళ్ళలో కరిగిపోతుందా?"

"ఇనుం కరగదండి. బెల్లం కరుగుద్దండి."

"బెల్లమేంటి మధ్యలో?"

"ఇది సారాకి పులియబెట్టే బెల్లపూట వాసనండి. మా ఆయన లంకలో సారా కాసేవోడండి, ఆయ్. పదేళ్ళు ఈ కంపుతోనే కాపరం చేసేను, నాకు తెల్దా అండి? కావాలంటే ఏలెట్టి చూడండి, జిగురు."

"నేను పెట్టను తల్లీ. అంటే ఎవరో గుండు తీసేసి నల్లబెల్లం ముద్ద పెట్టేరు. మూత సరిగ్గా పెట్టనైనా లేదు. రెండు రోజుల్లో అది కరిగిపోయింది, ఎలుకకి విందైంది. పదకొండుకి అమలాపురం నుంచి జడ్జీలొచ్చేస్తారు! ఇది నెగ్గితేనే ఆ పిల్ల రాష్ట్రస్థాయికి వెళ్ళేది. ఈ గది తాళం నా దగ్గర కాకుండా ఇంకెవరి దగ్గరుంది?"

"ఇంకోటి..."

"ఊఁ, ఇంకోటి?"

"నాకెందుకులెండి. కూటికోసం పన్జేసుకునేదాన్ని."

"ఏమ్మా నిర్మలా, ఏంటా గోల? నా గది దాకా కొడుతోంది కంపు!"

"రండి హెడ్మాస్టారూ. మీరే చూడండి."

"అయ్యయ్యో! పిల్లల పని ఇంతేనమ్మా. వీరవేణీ, ఈ దరిద్రం తీసికెళ్ళి కాలవలో పారబొయ్యి. ఈసారి మన స్కూలు పోటీలో లేదని జడ్జీలకి ఫోన్ చేసేస్తాను."

"అప్పుడే ఫోనెందుకండీ? గంట టైముంది. కుసుమ బయటే ఉంది. వాళ్ళమ్మ సత్యదుర్గ కూడా వచ్చింది."

"సత్యదుర్గా? ఆవిడెందుకొచ్చింది?"

"కూతురు చెప్పేది విందామని. పేరు బాగానే గుర్తున్నట్టుందే?"

"గుర్తేముంది, ఎవరో పాత స్టూడెంటు. అసలు ఆ మోడలే తప్పమ్మా. అక్కడ ఐదువేల డిగ్రీలు దాటిన వేడి. ఇనుం కరక్కుండా ఎలా ఉంటుంది? మధ్యంతా ద్రవమే."

"బయటి కేంద్రకం వరకే ద్రవమండీ. లోపలిది గట్టిది. భూమి బరువంతా నాలుగువైపుల్నుంచీ నొక్కేస్తుంటే, ఎంత వేడైనా ఆ ఇనుమూ నికెలూ కరగడానికి సందేదీ? భూకంప తరంగాలు చూసి ఎప్పుడో తేల్చేరు. తొమ్మిదో తరగతి పిల్ల గడగడా చెప్తోంది, మీకు తెలీదంటే..."

"పాత పుస్తకాల్లో అలా..."

"ఏ పుస్తకంలో?"

"అదే... పాతవి."

"మీ గోళ్ళేంటండీ, అంత ఎర్రగా ఉన్నాయి?"

"గోళ్ళా? కిళ్ళీ... కిళ్ళీ చుట్టుకున్నాను పొద్దున్న."

"అయ్యగారు కిళ్ళీ తినరండి. వక్కపొడైనా ముట్టరు."

"నువ్వు నోర్ముయ్యి వీరవేణీ!"

"శనారం నించీ మూసుకునే ఉన్నానండి. తవరు కేరేజీ పట్టుకొచ్చి ఈ గది తీసేరు. కాసేపాగి చూద్దును కదా, ఆటల గదిలో గుండు దాని చోట్లోకి వచ్చేసుందండి, ఎర్రగా కారుకుంటా. నేనే తుడిచేను. నోరిప్పితే ఉజ్జోగం ఊడుద్దని ఊరుకున్నానండి మేడంగారు."

"సరేలే. వెళ్ళి ఆ గుండు పట్రా. రెండు బిందెల నీళ్ళూ, ఫినాయిలూ తే. జడ్జీలొచ్చేలోగా కడిగి మళ్ళీ నింపేద్దాం."

"ఆయ్, ఇప్పుడే తెస్తానండి."

"నిర్మలా, ఆగమ్మా. పెట్టుకోండి, గుండే పెట్టుకోండి. కానీ ఆ పిల్లని గట్టిదని మాత్రం అననివ్వకు. వాళ్ళమ్మ ముందు అననివ్వకు. నీకంటే పెద్దవాణ్ణి, చేతులు పట్టుకుంటాను."

"పట్టుకోకండి! ముందా చేతులు కడుక్కోండి. ఎలుకని చూసి వాంతి ఆపుకున్నాను గానీ, మిమ్మల్ని చూస్తే ఆగేలా లేదు మాస్టారూ."

"ఎంత మాటన్నావమ్మా!"

"తక్కువే అన్నాను. పదిహేడేళ్ళ కిందట, ఇదే గదిలో, టెన్తు చదువుతూ సత్యదుర్గ ఇదే మాట చెప్పిందట కదా? లైబ్రరీ పుస్తకంలో చదివేనండీ, మధ్యలో గట్టిదేనండీ అందట. అప్పుడు సైన్సు చెప్పే మీరు మూడు రోజులు వరసగా బల్లెక్కించేరట. ద్రవం అని ఒప్పుకుంటే దిగమన్నారట. ఆవిడ ఒప్పుకోలేదు. నాలుగో రోజు నుంచి బడికే రాలేదు. ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసి పంపేసేరు. కుసుమ చెప్పింది నాకు."

"అప్పట్లో మాకు..."

"తెలీదు. అంతేగా? నేనూ అదే అనుకున్నాను. తెలీక చేసిన దానికి బయటికెళ్ళి, 'తప్పైందమ్మా, అప్పుడు నాకు తెలీలేదు' అంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. దానికి దొంగతనంగా తాళం తీసి, కేరేజీలో బెల్లం ముద్ద తెచ్చి, ఆ పిల్ల కష్టాన్ని ఎలుకల పాలు చెయ్యడమెందుకండీ? చెప్పండి. ఎందుకు?"

"తెలీక కాదమ్మా."

"ఏంటి?"

"మొదటి రోజు సాయంత్రం ఇంటికెళ్ళగానే పుస్తకం తీసి చూసేను. ఆ పిల్ల చెప్పిందే రైటు. తెల్లారి ఆ మాట ఒప్పేసుకుందామనే వచ్చేను. క్లాసు క్లాసంతా నా మొహంలోకే చూస్తున్నారు. రెండో రోజూ ఎక్కమన్నాను. మూడో రోజు తనంతట తనే ఎక్కింది, నేను చూస్తూ కూర్చున్నాను."