వరసలు కరిగించిన కంట్రోలరు

ఆసుపత్రి గేటుకి ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద, బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరైన పెద్దాయన కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పక్కన ఒక వడ్రంగి, వాళ్లమ్మ. ఆవిడకి కళ్లలో శుక్లాలు.

"ఇంతమందిలో మన వంతు ఎప్పటికొస్తుందిరా, ఇంటికి పోదాం పద," అంటోందావిడ.

"అప్పుడే పోతానంటావేంటక్కయ్యా," అన్నాడు పెద్దాయన. "ఇదీ ఓ జనమేనా? నేను అడుగు పెట్టకముందు చూడాల్సింది. నున్నగా గీసుకుని వచ్చినవాడు బయటపడేసరికి గడ్డం మాసిపోయేది. అప్పుడు పెద్ద డాక్టరమ్మ మా ఇంటికి కబురంపింది, బస్సుల్ని నడిపించినవారు మనుషుల్ని నడిపించలేరా, ఒక్కసారి వచ్చి ఎక్కడ ఆగిపోతోందో చూడండి అని. సరే, హాల్లో ఓ మూల కూర్చుని చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుట్టంతా దొరికిపోయింది. అందర్నీ ఎనిమిదింటికే రమ్మంటున్నారు. డిపోలో బస్సులన్నీ ఒకేసారి వదిలితే గేటు దగ్గరే ఇరుక్కుంటాయి కదా. ఒక్కొక్కరికి ఒక్కో టైమివ్వండన్నాను. ఎవరెంతసేపు కాసుకు కూర్చున్నారో ప్రతి సోమవారం బోర్డు మీద రాయించాను. అంతే, సగం హాలు ఖాళీ."

"అదీ మంచి ఆలోచనే," అన్నాడు వడ్రంగి.

ఆ మాటతో పెద్దాయనకి ఊపొచ్చింది.

"మంచి ఆలోచనేంటి నాయనా, నెల తిరిగేసరికి కూర్చునే నాథుడు లేక కుర్చీలకి బూజు పట్టింది. ఎక్స్‌రే గదిలో వాళ్లకి పొద్దుపోక, రోడ్డు మీద పోయేవాళ్లకి కిటికీలోంచే తీసేసేవారు. ఒకాయన కూరగాయలు పట్టుకెళ్తుంటే తీశారు, సంచిలో పుచ్చు వంకాయ కూడా బయటపడింది."

"వంకాయకి ఏం మందిచ్చారు బాబాయ్?" అంది టీ కొట్టావిడ గ్లాసులు కడుగుతూ.

"నవ్వకమ్మా, ముందు విను. రోగులు దొరక్క డాక్టర్లే టోకెన్లు పట్టుకుని వరసలో నిలబడేవారు. నా ముందు ఇంతమంది డాక్టర్లున్నారు, నాకో చెవిపోటు ఎప్పటికి దక్కుతుందండీ అని చెవుల డాక్టరు నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వేగం మరీ శ్రుతి మించిపోయింది. పాలాయనకి ముందు మోకాలికి కుట్లు పడ్డాయి, గేటు దాటాక సైకిలు మీంచి పడ్డాడు. సరిగ్గా ఆ మోకాలే."

ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటికి పోదామన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అంతలో గేటు లోపల్నించి ఒక నర్సు గబగబా రోడ్డు దాటి వచ్చింది. పెద్దాయన కోడలే, కళ్ల వార్డులో పనిచేస్తుంది.

"మళ్లీ ఇక్కడున్నారా మామయ్యా, లోపల మీ పేరు పిలుస్తున్నారు," అంది.

పెద్దాయన ఖాళీ గ్లాసు ఎత్తి ఇంకో గుక్క తాగినట్టు చేశాడు.

"ఈయనేగా అమ్మా వరసలన్నీ తగ్గించింది?" అని అడిగాడు వడ్రంగి.

"వేరువేరు టైములూ ఆ బోర్డూ మా డాక్టరమ్మ పెట్టించింది బాబూ. తగ్గిన మాట మాత్రం నిజం. శుక్లాల ఆపరేషనుకి ఏడాది ఆగేవాళ్లు, ఇప్పుడు నెల లోపే అయిపోతోంది. బోర్డు మీద ఒక్క మనిషి ఆగిన లెక్క మాత్రం వారం వారం పెరుగుతూనే ఉంది. పిలిచినప్పుడల్లా టీ తాగొస్తానని గేటు దాటేస్తాడు. ఎవరమ్మా ఈ మహానుభావుడు అని ప్రతి సోమవారం డాక్టరమ్మ అడుగుతుంటే, మా మామగారండీ అని చెప్పలేక చస్తున్నాను."

పెద్దాయన ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"కంట్లో సూది గుచ్చుతారంటగా," అన్నాడు పెద్దాయన మెల్లగా.

"నొప్పి తెలీకుండా మందేస్తారు మామయ్యా. నేను పక్కనే ఉంటాను."

ముసలావిడ కొడుకు భుజం పట్టుకుని లేచింది. "నడు తమ్ముడూ. నాకూ భయమే. నువ్వు పారిపోకుండా నేను చూస్తా, నేను పారిపోకుండా నువ్వు చూడు."

వడ్రంగి ఇద్దరికీ చెరో చెయ్యీ ఇచ్చి రోడ్డు దాటించాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"భయమనుకునేవు నాయనా. మీ అమ్మ వస్తుంది, తోడు కావాలి అనే ఇన్నాళ్లూ ఆగాను."

కోడలు తలుపు తీసి పట్టుకుంది. "మిగతాది కట్టు విప్పాక చెబుదురుగాని, రండి."