చిల్లు పడిన గూళ్ళు

కేజీఎఫ్‌లో, ప్రాణం తీయననే మాటతో మొదలయ్యే పంచశీలం నేర్చుకుని వచ్చి, బైరకూరు ఆడవాళ్ళ చేత ప్రతి ఆదివారం బుద్ధుడి పటం ముందు చెప్పించే అంబుజమ్మ, ఆ ఉదయం నయన వాళ్ళ పట్టుపురుగుల షెడ్డులో అడుగుపెట్టి నిలబడిపోయింది. గోడల నిండా తెల్లటి రెక్కల పురుగులు పాకుతున్నాయి.

"ఏందే ఇది? పట్టుగూళ్ళు మార్కెట్టుకు తోలలేదా?"

"లేదక్కా. చిల్లులు చేసుకొని అన్నీ బయటికొచ్చేసినాయి. చూడు, ఎంత బాగుండాయో!"

"చిల్లు పడిన గూళ్ళు ఎవురు కొంటారే?"

"ఎవురూ కొనరు, దారం తెగిపోయుంటాది కదా. తెలిసే వదిలేసినా. అమ్మితే దారం తీసేదానికి పురుగుతో పాటు వేడినీళ్ళలో ఉడకేస్తారు కదా. ప్రాణం తీయనని నీ వెనకాలే పదకొండు వారాలు చెప్పినాను."

"అది మన చేతులతో చంపొద్దని, నయనా..."

"నువ్వు అట్ల చెప్పలేదే అక్కా."

"మీ ఆయన ఏమన్నాడు?"

"రెండు దినాలుగా నాతో మాట్లాడలేదు. నువ్వొచ్చి ఒక మాట చెప్తే వింటాడనే కబురు పంపినా. ఇంగ, మీ ఇంట్లో పురుగులు ఎప్పుడొచ్చినాయక్కా బయటికి?"

అంబుజమ్మ తన కొంగు మీదికి ఎక్కిన పురుగును చూస్తూ ఉండిపోయింది.

"అక్కా?"

"మా గూళ్ళు సోమవారమే మార్కెట్టుకు పంపించేసినా."

నయన వంగి, అంబుజమ్మ కొంగు మీది పురుగును మెల్లిగా తన అరచేతిలోకి ఎక్కించుకుంది.

"అయితే ఆయన దగ్గరికి నువ్వు రావొద్దులే అక్కా. నేనే చెప్పుకుంటా."