పుల్లన్న ఇమానం, నా మూడు కాటాలు

ఫ్యాను రెక్క కాదు నాయనా అది, చేయి పెట్టి చూడు, కట్టె. ఇమానం ముక్కుకు తిరిగే రెక్క. మీ జేజినాయన పుల్లన్నది. కూర్చో కార్తికేయా, ఆ శెనక్కాయల చేట ఇట్లా జరుపు. నువ్వప్పుడు మీ యమ్మ చంకలో బిడ్డవి, నీకేం తెలుస్తాది. పుల్లన్న అంటే ఈ పామిడి చుట్టూ నూరు ఊర్లకు ఒకడే బోరు మెకానిక్కు. పైపుకు చెవి పెట్టి ఇంటే చాలు, మున్నూరడుగుల లోపలుండే మోటారుకు ఏం రోగమో చెప్పేస్తాండె. నా కండ్లతో చూసినా. ఆ పొద్దు మాకు వరసగా ఐదో కరువు. మేఘాలు వస్తాండె, ఎనుముల మంద మాదిరి నెత్తి మీద నిలబడతాండె, ఒక్క చుక్క ఇడ్సకుండా పోతాండె. మీ జేజినాయన నా అంగడి ముందర నిలబడి, "శేషయ్య శెట్టీ, ఇవి మనల్ని దాటుకోని యాడికి పోతాండాయో పైకి పోయి చూసొస్తా" అన్నాడు. నేను నవ్వితి. ఆయప్ప నవ్వల్యా. ఏడాది తిరక్కుండానే మద్రాసు ఓడరేవులో పెట్టె దిగింది. పెట్టె అంటే ఏమనుకుంటివి, నా అంగడంత! దక్షిణాఫ్రికాలో ఒక ముసలాయన తన షెడ్డులో పదకొండేండ్లు కూర్చోని సొంతంగా చేసుకున్న ఇమానమప్పా అది. కండ్లు మసకలొచ్చి అమ్మేసినాడు.

ఓడరేవు కాడ కస్టమ్సు ఆఫీసరు, "ఏ కంపెనీది?" అన్నాడంట. "కంపెనీ లేదు సార్, ఇంట్లో చేసింది." "ఇంట్లో చేసేదానికి ఇదేమన్నా వడియాలా?" నేను పక్కనే ఉండా. పక్కన అంటే, ఈడ్నే ఉండా, ఫోన్లో. సరే, ఇను. రిజిస్టరు కాకుండా నేల ఇడిసి జానెడు లేసినా తప్పే. ఆ దేశం రిజిస్టర్లో దాని పేరు కొట్టేసినట్లు కాయితం కావల్ల, ముసలాయన ఏ పొద్దు ఏ మేకు కొట్టినాడో రాసుకున్న పుస్తకం కావల్ల. నలభై సార్లు ఢిల్లీకి పోయినాడు మీ జేజినాయన. సరే, నాలుగు సార్లు. మనోడు మోటార్లు ఇప్పే చేత్తోనే ఇంగ్లీషు జాబులు రాయడం నేర్చినాడు, అది రాసుకో.

కడాకు బెంగళూరు నుంచి ఇంజినీరు వచ్చినాడు, తూకం చూడల్లని. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టల్ల. ఎవురివి? నావి! శెనక్కాయ మూటలు తూచే కాటాల మీద ఇమానాన్ని నిలబెట్టిన మొనగాడు ఈ భూప్రపంచంలో నేనొక్కణ్నే. తూస్తే ఏముంది, కాయితంలో కంటే పంతొమ్మిది కిలోలు ఎక్కువ. "నీ కాటా దొంగదిలే శెట్టీ" అన్నారు అందరూ. దొంగది నా కాటా కాదప్పా, రంగు! ఊర్లోకి కొత్త బండి వచ్చిందని లారీలకు బొమ్మలేసే జయరాజును పిలిపించి పూయించినాము కదా. తోక మీద నెమలి, రెక్కల మీద తామరపూలు, పొట్ట కింద రెండు సింహాలు, ఏడు పూతలు. తోక బరువైతే ముక్కు లేసి పల్టీ కొడతాదంట. తొమ్మిది పొద్దులు ఊరంతా ఉప్పుకాగితంతో రుద్దితిమి. జయరాజు ఏడుస్తానే నెమలిని గీకినాడు. మళ్లా తూస్తే సరిపోయె. నా కాటా గెలిచె.

రన్‌వే యాడిది అంటావా? మన ఊరి చెరువే. కాయితాలు తిరిగేలోపల కరువు ఎనిమిదో ఏటికొచ్చె, చుక్క నీళ్లు లేక అద్దం మాదిరి చదునుగా ఉండె. చెరువు కింద మడి ఉండే చెన్నమ్మ అనేది, "ఏమప్పా పుల్లన్నా, నీ ఇమానానికి ఎండ కావల్ల, మాకు వాన కావల్ల. దేవుడు ఎవురి మాట ఇనల్ల?" రిజిస్టరు కాయితం శుక్రవారం వచ్చె. ఆదివారం ఎగరల్ల. శనివారం పట్టుకునింది వాన... మూడు పొద్దులు. చెరువు నిండి అలుగు పారె.

ఇప్పుడు చెప్పేది సరిగ్గా ఇను. నాలుగో పొద్దు మద్యాన్నం, మునిగిపోయిన రన్‌వేను చూసుకుంటా కట్ట మీద ఆయప్ప ఒక్కడే ఉండాడు. కాళ్ల కింద కట్ట నుంచి బుడుబుడు నీళ్లు. నోరు మూసుకోని ఇంటికి పోయింటే, సందేళకు కట్ట తెగి చెరువు ఖాళీ. నెల ఎండితే రన్‌వే మళ్లా తేలుతాండె. ఆయప్ప ఇంటికి పోలే. అరుసుకుంటా ఊర్లోకి పరిగెత్తినాడు. దక్షిణాఫ్రికా పెట్టె పలకలు చేతులతో పీకి, గొంతు దాకా నీళ్లలో దిగి గండికి అడ్డం పెట్టినాడు. మేము మూటలేస్తిమి. కట్ట నిలిచె. ఎనకాల నుంచి చెన్నమ్మ, ఏడుపో నవ్వో, "అన్నా, నీ ఇమానమన్నా" అనింది. ఆయప్ప మొగం తుడుచుకోని, "మేఘాలు యాడికి పోతాండాయో చూద్దామంటి కదమ్మా. ఈడికే వచ్చినాయి. ఇంగ పైకి పోయి చూసేదేముంది?" అన్నాడు.

మూడేండ్లు ఆ నీళ్లు ఇంకల్యా. నాలుగో ఏడు ఆయప్పే లేడు. పోయే ముందు ఆ రెక్క తెచ్చి, "నీ కాటా పక్కన పెట్టుకో శెట్టీ" అన్నాడు.

ఎగిరిందా అంటావా? పామిడి బస్టాండులో ఎవురినన్నా అడుగు, పెన్న మీద ఏడు చుట్లు తిరిగిందంటారు. వాళ్లకు చెప్పింది నేనే. నువ్వు పుల్లన్న మనవడివి, నీకు...

ఆ చేట ఇట్లియ్యి. పుచ్చు కాయలు ఎన్నొచ్చినాయో చూడు ఈ సారి.