గురవయ్యకి పోసిన నీళ్ళు

మొగలి పొదల అవతల ఇసక దిబ్బ మీద బుడతకీచుల నుయ్యి ఉందా, అటేపు మనోళ్ళెవరూ పోరు, మేకలు కూడా పోవు, ఆ మేకలకున్న బుద్ధి మీకు లేదు కాబట్టి పొద్దున్న కొందరు అటెళ్ళారని తెలిసింది. ఎవరెళ్ళారో నేనడగను గానీ కథ మాత్రం చెప్తాను, కూర్చోండి. ఆ వల మీద కూర్చోకే పిల్లా, పక్కకి జరుగు.

బుడతకీచులంటే ఎవరనుకున్నారు? పోర్చుగీసోళ్ళు. ఇంగ్లీషోళ్ళకంటే ముందు, డచ్చోళ్ళకంటే ముందు, సముద్రం మా అబ్బ సొత్తని వచ్చినోళ్ళు. వాళ్ళ చీటీ లేకుండా ఏ ఓడా కదలకూడదంట, కదిలితే తగలబెట్టేసేవోళ్ళంట. గోవాలో వాళ్ళకో కోట, తూర్పు సముద్రం అవతల మలకాలో ఇంకో కోట, మధ్యలో దాహం తీర్చుకోడానికి మనలాంటి ఊళ్ళు. ఇప్పుడు మీరు పులుసులో గుప్పెడు గుప్పెడు వేసుకునే మిరపకాయ కూడా వాళ్ళు తెచ్చిందే, అంతకుముందు మనకి మిరియమే గతి.

అయితే మన కెరటాలున్నాయే, అవి ఎవడి మాటా వినవు. వాళ్ళ ఓడ ఎక్కడో లోతులో లంగరేసుకోవాలి తప్ప ఒడ్డుకి రాలేదు, వాళ్ళ చిన్న పడవలేమో మేకులు కొట్టినవి, కెరటం కొడితే చీలిపోయేవి. మనవి కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు కదా, కెరటంతో పాటు వంగుతాయి. అందుకని వాళ్ళు ఫిరంగి ఒకటి పేల్చేవోళ్ళు, మనోళ్ళు ఆ నూతి నీళ్ళు పీపాల్లో నింపి కుట్టుపడవల మీద మోసుకెళ్ళి ఇచ్చేవోళ్ళు, బదులుగా వాళ్ళు ఎర్రగుడ్డలూ చాకులూ ఇచ్చేవోళ్ళు. మనం పోకపోతే వాళ్ళు గొంతెండి చచ్చేవోళ్ళు, ఆ సంగతి మనోళ్ళకి తట్టిందా? ఎర్రగుడ్డ చూశాక ఇంకేం తడుతుంది.

ఒక ఏడు ఓడలో జబ్బు తగిలి చాలామంది పోయారంట, తెరచాపలు లాగడానికి మనుషుల్లేరు. అప్పుడు గురవయ్య అని ఒక కుర్రాడు, నూకాలు మొగుడు, ఇంకో నలుగురితో పీపాలు తీసుకెళ్ళాడు. పైకి రండి, సారా పోస్తామని వాళ్ళు పిలిస్తే, ఎక్కండ్రా, మర్యాద కాదంటే బాగోదని, కూడా వెళ్ళిన మన కులపెద్ద మసేనయ్య పడవలోంచే చెప్పాడంట. మనోళ్ళు ఎక్కారు, లోపలికెళ్ళారు, బుడతకీచులు తలుపేసేశారు. ఆ తర్వాత మనోళ్ళ అరచేతులకి బెజ్జాలు పొడిచి, సన్న పేము బద్ద దూర్చి, మనం చేపల్ని గుచ్చినట్టు వరసగా గుచ్చారంట. చేతులు ఊరికే వదిలేస్తే ఈదుకుంటూ పోతారు కదా మరి. మసేనయ్య ఖాళీ పడవ వెనక్కి తెచ్చుకున్నాడు, నూకాలు ఒడ్డున నిలబడి తెరచాప లేవడం చూసింది.

ఇక మన ఊరి ఆచారం మీకు తెలుసు. సముద్రం మీదికెళ్ళినోడు రెండు అమాసలు దాటినా రాకపోతే వాడి తెడ్డు ఇసకలో పూడ్చి దినం చేసేస్తాం. దినం చేశాక వాడు తిరిగొస్తే వాడు మనిషి కాడు, వాడి తోలు కప్పుకుని సముద్రంలోంచి వచ్చిన దెయ్యం, వాడికి నిప్పూ నీళ్ళూ ఇవ్వకూడదు, ఇస్తే పడవలన్నీ మునుగుతాయంటారు. గురవయ్యకీ అలాగే చేశారు, నూకాలు గాజులు పగలగొట్టారు, ఏడాది తిరిగాక గురవయ్య తమ్ముడు సోములుకి ఆమెని మారుమనువిచ్చారు, పడవలో అన్న వాటా కూడా తమ్ముడికే వచ్చింది. అన్నీ మసేనయ్యే దగ్గరుండి చేయించాడు.

కొన్నేళ్ళకి ఆ ఓడే మళ్ళీ వచ్చి ఫిరంగి పేల్చింది. ఈసారి మనోళ్ళు గట్టిగా నిలబడ్డారు, ఒక్కడూ నీళ్ళు మొయ్యలేదు. బాగానే ఉంది, మరి ఓడలో నీళ్ళు అడుగంటితే ముందు ఎవరికి ఆపుతారు? బానిసలకే కదా. అలా రెండ్రోజులు గడిచాక సాయంత్రం పూట కెరటాల్లోంచి ఒక మనిషి కొట్టుకొచ్చి, పాకుతూ పాకుతూ నూతి దగ్గరికొచ్చాడు. తల గొరిగేసుంది, రొమ్ము మీద కాల్చిన ముద్ర, అరచేతుల్లో పూడిన బెజ్జాలు. నూకాలు అక్కడే నీళ్ళు తోడుతోంది, అప్పటికి కడుపుతో ఉంది. నూకాలూ, నేను గురవయ్యని, మలకాలో అమ్మారు, ఈ ఓడోళ్ళే మళ్ళీ కొన్నారు, మన దిబ్బ కనపడగానే దూకేశాను, గుక్కెడు నీళ్ళు పొయ్యి అన్నాడంట.

ఊరంతా పోగైంది. దినం కూడు అందరం తిన్నాం, ఇది గురవయ్య కాదు అని మసేనయ్య తేల్చేశాడు. అతనేమో ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచాడంట, మామా నీ వల కుట్టింది నేనే కదా అన్నాడంట, తమ్ముడూ అన్నాడంట. సోములు తల దించుకున్నాడు. అన్న బతికున్నాడంటే వీడికి పెళ్ళాం పోతుంది, వాటా పోతుంది, ఓడ ఎక్కమన్నది తనే కాబట్టి మసేనయ్యకైతే పెద్దరికమే పోతుంది. దెయ్యమంటే ఎవరికీ ఏమీ పోదు. అందుకని నూతికి అడ్డంగా తెడ్లు పట్టుకుని నిలబడ్డారు.

నూకాలు చేతిలో నిండు చేద ఉంది. అతని పాదాలు చూసింది, ముందుకే తిరిగున్నాయి, మనిషేనని ఆమెకి తెలుసు. దెయ్యానికి దాహం తీరిస్తే నిన్నూ నీ కడుపులోదాన్నీ ఊరు దాటిస్తాం, చచ్చినోడికి నీళ్ళెలా ఇస్తారో అలా ఇయ్యి అన్నాడంట మసేనయ్య. ఆమె చేద వంచి, తర్పణం వదిలినట్టు అతని ముందు ఇసకలో పోసేసింది. అతను ఆ తడి ఇసక నాకాడు. దెయ్యం ఎక్కడైనా ఇసక నాకుతుందా, మీరే చెప్పండి? అందరూ చూశారు, పట్టుకున్న తెడ్లు మాత్రం దించలేదు. మర్నాడు ఎండెక్కేదాకా బతికున్నాడంట.

అప్పట్నుంచి అక్కడే ఉన్నాడు. భయపడకండి, పీక పిసకడు, మీద పడడు, పేరు పెట్టి పిలిచి గుక్కెడు నీళ్ళడుగుతాడు, అంతే. మన పేర్లు వాడికెలా తెలుసంటారా? ఈ వీధంతా నూకాలు కడుపున పుట్టినోళ్ళం, ఆ వీధంతా మసేనయ్య సంతానం, మన పేర్లూ ఆ పాతోళ్ళవే, మొహాలు చూస్తే తెలీదూ? అడిగితే మేం పోసేస్తాం అవ్వా అని ఒకడు గొణుగుతున్నాడు, వింటూనే ఉన్నాను. నువ్వు పొయ్యవురా. చుట్టూ ఊరంతా తెడ్లు పట్టుకుని నిలబడితే నువ్వూ ఇసకలోనే పోస్తావు, నేనూ ఇసకలోనే పోస్తాను. అందుకే అటు పోవద్దంటున్నాను.