అంజవ్వ వాడలో సున్నపు రాయి

1956 డిసెంబరు మూడవ తేదీన, బోధన్ వాస్తవ్యులు శ్రీ ముక్తార్ అహ్మద్ గారు నిజామాబాదులోని మన భూగర్భజల పరిశోధన కార్యాలయంలో సహాయకులుగా చేరారు. నేలలోనికి ఇనుప కడ్డీలు దిగగొట్టి, విద్యుత్తును ప్రసరింపజేసి, అది ఎక్కడ సులువుగా సాగుతుందో, ఎక్కడ మొండికేస్తుందో కొలిచి, అడుగున రాయి ఉన్నదో నీరున్నదో చెప్పే విద్యను వారు అచిరకాలంలోనే వశపరచుకున్నారు. భీమ్‌గల్ గుట్టల నుండి బోధన్ చెరకు తోటల దాకా వారు చూపిన చోట్ల నీళ్లు పడ్డాయి. ప్రారంభోత్సవ ఫలకాల మీద పేర్లు మాత్రం ఇతరులవి. దానికి వారు నవ్వి ఊరుకునేవారు.

ఊరుకోలేనిది ఒక్కటే. 1972 కరువులో బోధన్ సమీపాన ఒక కూలీల వాడలో పరీక్ష చేస్తుండగా, ఎండి బిగిసిన నేలలో కరెంటు పారక యంత్రం ముల్లు కదలలేదు. కడ్డీల మొదళ్లలో ఉప్పునీళ్లు పోయాలి. పోద్దామంటే వాడలో నీళ్లేవి? అంజవ్వ అనే వృద్ధురాలు ఎక్కణ్ణుంచో మోసుకొచ్చిన తాగునీళ్ల బిందెను తెచ్చి ముందు పెట్టింది.

"పొయ్యి సారూ. బోరు పడ్డంక మల్ల నింపుకుంట."

ముల్లు కదిలింది. కొలతలు చూసుకొని, సున్నం పూసిన రాయిని గుర్తుగా పాతించి, "గీడనే పడ్తది అవ్వా, నాది జిమ్మా" అన్నారు ముక్తార్ గారు.

బోరు బండి వచ్చింది. వాడ మీదుగానే పోయి, ఒక పెద్దమనిషి చెరకు తోటలో నిలబడింది. ఆ వారంలోనే అంజవ్వ నిజామాబాదు కంఠేశ్వర్‌లో ముక్తార్ గారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చి గడపలో కూర్చుంది.

"నా బిందె గాడ పోయించుకుంటివి, బోరు ఇంకోకాడ ఏసిండ్రు. గిదేం నాయం బాపూ?"

ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారని సతీమణి రుఖయ్యా గారు చెప్పారు. మర్నాడు అడగబోతే పైఅధికారి, "భూమి లోపల ఏమున్నదో మీరు చూడండి, పైన ఎవరున్నారో నేను చూసుకుంటాను" అన్నారు. అయినా అభ్యంతరం రాసి ఇచ్చినందుకు బాల్కొండకు బదిలీ లభించింది; పదోన్నతి లభించలేదు. మన దగ్గర నిజాయితీకి దక్కే మర్యాద ఇదే. అటుపైన ఏ ఊరికి పోయినా, కడ్డీలకు పోసే నీళ్లు ఆయన ఇంటి నుంచే క్యానులో మోసుకుపోయేవారు.

ఈ 1977 జూన్ మాసాంతంలో విరమిస్తున్న ఆయన, శాలువా వద్దు, ఆ వాడలో బోరు వేయండి చాలునన్నారు. విషయం పరిశీలనలో ఉన్నదట. కనుక శ్రీ ముక్తార్ అహ్మద్ గారికి సంపూర్ణ ఆరోగ్యాన్ని, ఆ సున్నపు రాయి దగ్గర అంజవ్వ బిందె నిండేదాకా ఆయుష్షును ప్రసాదించమని భగవంతుణ్ణి వేడుకుంటున్నాం. మన కార్యాలయం నడక తెలిసినవాళ్లం గనుక, నూరేళ్లకు తగ్గకుండా అడుగుతున్నాం.