స్నానఘట్టం రిపేరీ

ఉడుపి దగ్గర సముద్రం ఒడ్డున ఒక రిసార్టు. మధ్యాహ్నం. నీళ్ళు తోడేసిన ఈతకొలను పక్కన దిబ్బూరహళ్ళి నుంచి వచ్చిన ధనుంజయ, అతని భార్య వినుత.

"మళ్ళా మోగుతాంది. ఫోన్ ఎత్తండి."

"నువ్వెత్తు. మీ అత్తే కదా."

"మీ అమ్మే కదా! ధర్మస్థళ గుడికి పోతాండామని అబద్ధం చెప్పింది మీరు."

"పాపకి ఈత, ఈత అని నా ప్రాణం తోడింది నువ్వు. ఇదో, చూడు ఈత! చుక్క నీళ్ళు లేవు. మేస్త్రీలు లోపలికి దిగి టైల్స్ కోస్తాండారు."

"ఫోటోలో నీలంగా ఉండె."

"ఫోన్ చేసి అడగల్ల కదా."

"సర్లెండి. పాప ఇసుకలో ఆడుకుంటాంది, చూడండి. డెంగ్యూ వచ్చి మంచం పట్టిన బిడ్డ అంటే ఎవరన్నా నమ్ముతారా?"

"ఆ బిడ్డ బతికి బయటపడిందనే కదా, అమ్మ ముడుపు కట్టింది. పాప చేత్తోనే హుండీలో వేయించండి అని ఎన్నిసార్లు చెప్పె. మనం చూస్తే ఈడ చేపల వేపుడు తింటాండాము."

"ఆ మాటెత్తద్దండి. నాకు ముద్ద దిగలేదు."

"రెండు ప్లేట్లు దిగె."

"మీరు తినలేదా?"

"తింటి. అందుకే ఫోన్ ఎత్తేకి చెయ్యి రావడం లే."

"అత్తకి తెలిసిపోయిందేమో?"

"ఎట్ల తెలుస్తుంది? పట్టుపురుగులు నాలుగో జ్వరం లేసి, పొర విడిచి, రాత్రీపగలూ మేత మీదుండాయి. ఈ వారం అమ్మ పురుగులింటి గడప దాటదు. ఆ ధైర్యంతోనే కదా అబద్ధం చెప్పింది."

"రేపు పొయ్యేటప్పుడు ధర్మస్థళ మీదనే పోదాం. తలస్నానం చేసి ముడుపు వేసేద్దాం. అబద్ధం నిజమైపోతుంది."

"ముడుపు బ్యాగులోనే ఉండాది కదా?"

"బట్టల కిందుంటుంది. మీరు పెట్టినారు కదా?"

"నేనెందుకు... ఇదో, మళ్ళా మోగుతాంది. స్పీకర్ వేస్తా, నువ్వూ విను. అలో, అమ్మా!"

"ఏమిరా ధనూ, రాత్రి నుంచి చేస్తాండా. ఎత్తవే?"

"సిగ్నల్ లేదమ్మా."

"ఆ గరగర ఏమిరా?"

"అదా... ఈడ స్నానఘట్టం రిపేరీ చేస్తాండారు. టైల్స్ కోస్తాండారు."

"స్నానఘట్టమా?"

"ఊ."

"మరి పాపకి స్నానం యాడ చేయిస్తిరి?"

"నేత్రావతి ఏట్లోనే. పక్కకి పోయి చేయిస్తిమి. నిండా నీళ్ళమ్మా."

"నిండానా! ఈ ఎండలకి?"

"ఆ... నిండానే. పురుగులెట్లుండాయి?"

"పక్కింటి సుజాతమ్మ చూస్తాంది."

"సుజాతమ్మా? నువ్వేం చేస్తాండావు?"

"నాకు ఇంకో పని పడె."

"నీ గొంతేమి అట్లుండాది? తిన్నావా?"

"ఎట్ల తింటానురా? ముడుపు హుండీలో పడేదాకా ఇంట్లో ఉండే పెద్దోళ్ళు నీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. మీ అవ్వ నాటి నుంచి ఉండేదే కదా."

"నిన్న పొద్దున్నించి తినలేదా?"

"మీరు గడప దాటినప్పటి నుంచి."

"అత్తా, నేను వినుతని. ముందు నువ్వు తినత్తా, నీ కాళ్ళు మొక్కుతా."

"వేసినారా అమ్మా ముడుపు?"

"అదీ... మీ కొడుకు చెప్తాడత్తా. చెప్పండి."

"నువ్వే చెప్పు."

"నా వల్ల కాదండి. నోరు రావడం లే."

"ఏమిరా గుసగుసలు? వేసినారా, లేదా?"

"వేసినామమ్మా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. హుండీ కాడ నిలబడుకొనే మాట్లాడతాండా. నువ్వు తిను."

"పాప చేత్తోనే వేయిస్తివా?"

"పాపని ఎత్తుకోని, పాప చేత్తోనే. ముడి గూడా విప్పలేదు. చాలా? ఇంక తినమ్మా."

"ఏ హుండీ కాడ నాయనా?"

"గుడిలో హుండీ కాడనే."

"ముడుపు దేవుని గూట్లోనే మరిచిపోయినారురా. నిన్న దీపం పెట్టేటప్పుడు చూస్తి. బిడ్డ మొక్కు తప్పిపోతుందని పురుగుల్ని సుజాతమ్మకి అప్పజెప్పి రాత్రి బస్సెక్కితి. పొద్దున నేత్రావతిలో మునుగుదామని దిగితి, మోకాలు గూడా తడవలేదు. ముడుపు ఒళ్ళో కట్టుకోని అప్పటి నుంచి హుండీ కాడనే నిలబడుకోనుండా. వచ్చే బిడ్డనల్లా మన పాపేనేమో అని చూస్తాండా. యాడుండాది నాయనా, పాప?"